బావ పేరు మీది నంబరు

నా ఫోను నంబరును నేనే నా చేత్తో ఎందరికో రాసిచ్చాను. నేను పావగడ దగ్గర క్యాతగానచెర్లులో ఆశా కార్యకర్తను. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆసుపత్రిలో ఒక చిన్న పుస్తకం ఇస్తారు, దాన్ని తాయి కార్డు అంటాం. దాని మొదటి పేజీలో నా నంబరు రాసి, కింద రెండు గీతలు గీసి, “నొప్పులు మొదలైతే మీ అత్తను అడగొద్దు, మొగున్ని అడగొద్దు, ముందు నాకు ఫోను కొట్టు” అని చెప్పడం నా అలవాటు. చదువు రానివాళ్ళు ఆ పది అంకెల్నీ నోటికి నేర్చుకున్నారు. కొందరు బొగ్గుతో గోడ మీద రాసుకున్నారు. పండగకు ఇల్లంతా సున్నం కొట్టి, నా నంబరున్న జానెడు చోటు మాత్రం వదిలేసిన ఇల్లు ఒకటి ఉంది. అది చూసినప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

అలాంటి నంబరు ఒకసారి ఒకటిన్నర రోజు పలకలేదు.

తప్పు నాదే. రీచార్జిని మా వైపు కరెన్సీ అంటాం. ఆ నెల కరెన్సీ అయిపోయింది. నేను ఫోను చేయడానికి లేకుండా పోయింది గానీ, వచ్చేవి వస్తూనే ఉన్నాయి. ఇంటింటి సర్వే నడుస్తోంది, రేపు వేయిస్తాలే, ఎల్లుండి వేయిస్తాలే అని ఊరుకున్నాను. ఆ తర్వాత వచ్చేవీ ఆగిపోయాయి. అది నాకు తెలియలేదు. ఎవరూ విసిగించడం లేదు, ప్రాణానికి హాయిగా ఉంది అనుకున్నాను. ఇప్పటికీ ఆ హాయి గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఆ ఒకటిన్నర రోజులోనే పక్క పల్లెలో ఒకమ్మాయికి నొప్పులొచ్చాయి. వాళ్ళు నాకు కొట్టి కొట్టి, చివరికి ఎవరిదో ఆటో పట్టుకొని బయలుదేరారు. పావగడ కొండ కనిపించేసరికి ఆటోలోనే కాన్పయింది. తల్లీబిడ్డా బాగున్నారు. వారం తర్వాత ఆ అమ్మాయి తల్లి బిడ్డను ఎత్తుకొని మా గడప దగ్గరికి వచ్చింది. కొట్లాటకు రాలేదు. బిడ్డను చూపించడానికే వచ్చింది.

“ఏలు అరిగిపోయేట్టు కొట్టినాం. పలకనప్పుడు ఆ నంబరు ఎందుకు రాసిచ్చినావమ్మా?” అంది.

నాకు నోరు ఎక్కువ. ఎవరైనా ఒక మాట అంటే రెండు వడ్డిస్తానని మా ఆయన అందరితో చెబుతుంటాడు. ఆ రోజు మాత్రం తల వంచుకొని బిడ్డను అందుకున్నాను.

ఆసుపత్రి నర్సమ్మతో ఈ సంగతి చెప్పుకుంటే, పోస్ట్‌పెయిడ్ చేయించుకోమంది. వాడుకున్న తర్వాత బిల్లు వస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోదు అంది. మా ఆయన సోలారు పార్కులో కావలి పని చేస్తాడు. అతను కూడా “దానికేముంది, పావగడ పోయి మార్పించుకో” అన్నాడు. అంత సులభమైన పనిని ఇన్నేళ్ళు ఎందుకు చేయలేదా అని నన్ను నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను.

పావగడలో ఆ ఫోను కంపెనీ అంగడి బస్టాండుకు దగ్గర్లోనే ఉంది. కౌంటర్లో కూర్చున్నావిడది మధుగిరి వైపు. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడుతుంది. నంబరు చెబితే కంప్యూటర్లో కొట్టి, ఇది ఎవరి పేరు మీద ఉందని అడిగింది.

“నా పేరు మీదే,” అన్నాను.

“ల్యా. ఎవరో గండసు, మొగాయన పేరు ఉండాదమ్మా,” అని, ఆ పేరు పైకి చదివింది.

నా చెయ్యి దానంతటదే కొంగు లాగి నెత్తిన వేసుకుంది. అది మా బావ పేరు. అంటే మా ఆయనకు అన్న. మా ఇళ్ళల్లో కోడలు బావ పేరు పలకదు. ఆయన ఎదుట నిలబడదు, ఎదురుపడి మాట్లాడదు. నేను ఆ ఇంటికి వచ్చి పదిహేడేళ్ళయింది, అప్పటికి మా బావతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వాకిట్లోకి వచ్చి దగ్గి, “సద్ది కట్టినారేమో” అని గోడకు చెప్పేవారు. కట్టి ఉంటే నేను లోపలినుంచి గిన్నె మీద గరిటెతో ఒకసారి తట్టేదాన్ని. కట్టకపోతే చప్పుడు చేసేదాన్ని కాదు. ఆయన ఇంకాసేపు కూర్చునేవారు. అంతే మా మాటలు.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, తాయి కార్డు రాసేటప్పుడు మొగుని పేరు చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళను నేను బాగా ఆటపట్టిస్తాను. “పేరు చెప్పకుంటే బిడ్డ తండ్రి ఎవరని రాయాల, పంచాయతీ మెంబరు పేరు రాసేదా?” అంటాను. వాళ్ళు నవ్వి చెప్పేస్తారు. ఇప్పుడు కౌంటర్లో ఆవిడ “ఈ పేరాయన మీకు ఏమవుతాడు, ఇదే పేరు కదా” అని అడిగితే, తల ఊపాను తప్ప ఆ పేరు నా నోట రాలేదు. ఇక్కడ కూడా రాయడం లేదు.

ఆయన పేరు మీద సిమ్ము ఎలా వచ్చిందో నాకు నిలబడిన చోటే గుర్తొచ్చింది. సోలారు ఇంకా రాని రోజులు. నాకు కొత్తగా ఆశా పని వచ్చింది. ఊరి మొగదలలో ఒకతను పెద్ద గొడుగు వేసుకొని సిమ్ములు ఇస్తున్నాడు. ఫోటో, ఓటరు కార్డు కావాలన్నాడు. “కోడలి ఫోటో ఊరుగాని ఊరోడి చేతికి ఇచ్చేదేంది?” అని మా అత్త పెద్ద కొడుకు కార్డు, ఫోటో తీసిచ్చింది. ఆ ఇంట్లో రేషను కార్డు, పొలం పహణి, కరెంటు మీటరు అన్నీ ఆయన పేరు మీదే. సిమ్ము కూడా ఉంటే ఏమైంది అనుకున్నాం. అది చూసి పక్కింటివాళ్ళూ అదే కార్డు అడిగి తీసుకున్నారు. వాళ్ళను చూసి ఇంకొకరు. ఏ కార్డైతేనేం, మాట్లాడేది మనమే కదా అన్నది అందరి లెక్క. అలా మా వీధిలో సగంమంది ఇన్నేళ్ళుగా మా బావ పేరు మీదే మాట్లాడుతున్నారు.

కౌంటర్లో ఆవిడ తల పట్టుకుంది. ఒక మనిషి పేరు మీద ఇన్ని నంబర్లు ఉండకూడదట. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో వచ్చి చెప్పమని ఆయన ఫోనుకు మెసేజీలు కూడా పోయాయట. ఆయనకు చదువు రాదు. ఈ నెలాఖరులోగా ఆయన రాకపోతే అన్నీ నిలిపేస్తారు అంది.

“నిలిపేస్తే మళ్ళీ ఇదే నంబరు ఇస్తారు కదా?” అన్నాను.

“ఇయ్యరమ్మా. కొన్నాళ్ళకు అది ఇంకెవరికో పోతాది.”

ఎవరో పురిటి నొప్పులతో నా నంబరుకు కొడితే, ఏ ఊళ్ళోనో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఎత్తి, రాంగ్ నంబరని పెట్టేస్తాడు. అప్పటికి నా చేతిలో తొమ్మిదో నెల అమ్మాయి ఒకతె ఉంది. రక్తం తక్కువ, మొదటి కాన్పు ఆపరేషను. మొగుడు బెంగళూరులో పని చేస్తాడు, ఇంట్లో చెవులు వినిపించని అత్త. ఆ పిల్లకు ఉన్న దారల్లా నా నంబరే.

“ఆయన్ని పిలుచుకొని రాండి. ఇద్దరూ ఉంటే పేరు మార్చి, అప్పుడే పోస్ట్‌పెయిడ్ చేసిస్తా,” అంది ఆవిడ.

పిలుచుకొని రావడం అంత తేలిక కాదు. భూములు సోలారుకు పోయాక మా ఊళ్ళో గొర్రెలకు మేత కరువైంది. కంచె అవతల గడ్డి మొలిచినా మందను లోపలికి రానివ్వరు. బావ, మా అక్క, అంటే ఆయన భార్య, మందను తోలుకొని నిడుగల్లు వైపు పోయి అక్కడే ఉంటున్నారు. దూరం సంగతి అటుంచి, ఆయనకు కాగితాలంటే భయం. భూమి లీజుకిచ్చినప్పుడు ఏవేవో కాగితాల మీద వేలిముద్రలు వేశారు. మోసమేమీ జరగలేదు, ఏటా కౌలు వస్తూనే ఉంది. కానీ వేలు పెట్టిన తర్వాత ఆ చేలో కాలు పెట్టడానికి లేకుండా పోయిందన్న మాట ఆయన మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి ఎవరు వేలిముద్ర అడిగినా, ఫోటో అడిగినా, చేతులు వెనక్కి పెట్టుకుంటారు.

ఆ సాయంత్రం మా ఆయన అన్నకు ఫోను చేసి అంతా చెప్పాడు. నేను పక్కనే నిలబడి, అది చెప్పు, ఇది చెప్పు అని సైగలు చేస్తూనే ఉన్నాను. అవతలినుంచి “చూస్తాలే” అన్న మాట వినిపించి ఫోను ఆగిపోయింది. చూస్తాలే అంటే వస్తాననా, రాననా అని నేను మా ఆయన్ను నాలుగుసార్లు అడిగాను. ఐదోసారి అడిగితే లేచి పోయాడు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

మూడో రోజు అక్క ఫోను చేసి, మీ బావ రేపు పొద్దున బస్సుకు పావగడ వస్తాడని చెప్పింది. ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన కూడా వస్తానన్నాడు, మా ఇద్దరి మధ్యలో ఉండి మాటలు అటూ ఇటూ అందించడానికి. తీరా పొద్దున అతని తర్వాత కావలికి రావాల్సిన మనిషి డ్యూటీకి రాలేదు. నేనొక్కదాన్నే పోయాను.

నేను పోయేసరికి ఆయన అంగడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. ఫోను అంగడికి ఎవరూ చెప్పులు విడవరని చెప్పాలనిపించింది. ఎలా చెప్పేది? నేను కూడా విడిచి లోపలికి పోయాను. కౌంటరు ముందు మూడు కుర్చీలు ఉన్నాయి. ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాం.

“ఆధారు కార్డు తెచ్చినారేమో అడగమ్మా,” అన్నాను కౌంటర్లో ఆవిడతో.

“తెచ్చినానని చెప్పమ్మా,” అన్నారు ఆయన, ఆవిడతోనే.

ఆవిడ ఇటు చూసి, అటు చూసి, “పక్కపక్కనే కూసున్నారు కదా, మీరే మాట్లాడుకోండి,” అంది. మేమిద్దరం నేల చూశాం. ఆవిడకు ఏదో అర్థమైనట్టుంది, ఇంక ఏమీ అనలేదు. ఈ నంబరు ఎందుకంత ముఖ్యమని అడిగితే మాత్రం నేను ఆగలేకపోయాను. ఆటోలో కాన్పు సంగతి, తొమ్మిదో నెల పిల్ల సంగతి అన్నీ ఆవిడకు చెప్పుకున్నాను. బావ కండువా కొస నలుపుతూ కూర్చున్నారు.

“ఈ నంబరు ఆయమ్మకు ఇచ్చేది మీకు సమ్మతమేనా?” అని ఆవిడ ఆయన్ను అడిగింది.

“నాదెప్పుడాయ ఇచ్చేదానికి? పేరే నాది. నంబరు ఆయమ్మదే,” అన్నారు ఆయన.

వేలిముద్ర అడిగితే ఒక్క క్షణం చెయ్యి వెనక్కి పోయింది. మళ్ళీ ఆయనే ముందుకు చాపి, బొటనవేలు పంచెకు రుద్దుకొని, ఆ మిషను మీద పెట్టారు.

చిక్కంతా తర్వాత వచ్చింది. వీడియో తీయాలట. ఆవిడ ఫోను తెర మీద నాలుగు అంకెలు వస్తాయి, ఆయన ఫోనులోకి చూస్తూ వాటిని గట్టిగా చదవాలి. చదువు రాదంటే, నేను చెబుతాను, వెంటనే మీరు అనండి అంది ఆవిడ. మొదటిసారి ఆయన తెరలో తన మొహం తనే చూసుకుంటూ మాట మరిచిపోయారు. రెండోసారి ఆవిడ అంకె చెప్పగానే, పెద్దమనిషి కాబట్టి, పలకరించినవాళ్ళ వైపు తిరిగి మర్యాదగా బదులు చెప్పారు. మొహం కెమెరాకు అందలేదు.

“ఇంకొక్కసారే ఒప్పుకుంటాది. ఇదీ తప్పితే మళ్ళీ అర్జీ పెట్టాల, నెలాఖరుకు ముందు అవుతాదో లేదో నేను చెప్పలేను,” అని ఆవిడ ఫోను నా చేతిలో పెట్టింది. “తెర మీ దిక్కు తిప్పుకొని, కెమెరా ఆయన మొగానికి నేరుగా పట్టుకొని మీరే చెప్పండి. ఆయన మీ దిక్కు చూస్తే ఫోనులోకి చూసినట్టే అవుతాది.”

ఏం చేసేది? లేచి ఆయన ఎదుట నిలబడ్డాను. ఫోను పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, కొంగు జారిపోయింది, సర్దుకోవడానికి లేదు. తెరలో ఆయన మొహం కనిపించింది. పదిహేడేళ్ళలో ఆ మొహాన్ని నేను నేరుగా చూడడం అదే. మీసం తెల్లబడి ఉంది. కళ్ళు అచ్చం మా ఆయన కళ్ళు. నుదుట చెమట. కళ్ళలో భయం. ఈయనంటే నేను భయపడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఈయన కూడా నేనంటే అంత భయపడుతున్నారని అప్పుడే తెలిసింది.

తెర మీద సమయం తగ్గిపోతోంది. ఆ తొమ్మిదో నెల పిల్ల గుర్తొచ్చింది.

“బావా, ఏడు,” అన్నాను.

ఆయన నన్నే చూస్తూ, “ఏడు,” అన్నారు.

“రెండు.”

“రెండు.”

“సున్న.”

“సున్న.”

“ఐదు.”

“ఐదు,” అని గట్టిగా అన్నారు, మందను అదిలించినంత గట్టిగా. అంగడిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోను ఆవిడకు ఇచ్చేసి, గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను.

కొంచెంసేపు సిగ్నలు పోతుంది, మళ్ళీ వచ్చాక మీ పేరు మీద పోస్ట్‌పెయిడ్ అయినట్టే అని ఆవిడ చెప్పింది, మిగతా నంబర్లవాళ్ళు ఎవరికి వాళ్ళు వచ్చి మార్పించుకోవాలంది. బయటికి వచ్చి ఇద్దరం ఎవరి బస్సు వాళ్ళం ఎక్కాం. పోయొస్తానని కూడా చెప్పుకోలేదు. అలవాటు లేదు కదా.

బస్సులో ఉండగానే ఫోను మూగబోయింది. ఊరు చేరినా రాలేదు. మూడైంది, రాలేదు. నాలుగైంది, రాలేదు. ఇంట్లో నిలవలేక నేరుగా ఆ తొమ్మిదో నెల పిల్ల ఇంటికి పోయి, “ఫోను వచ్చేదాకా నీ కాడే ఉంటా, నీకేమైనా అయితే నన్ను తట్టు చాలు,” అన్నాను. ఆ పిల్ల నవ్వి చింతపండు తెచ్చి పెట్టింది. ఇద్దరం అరుగు మీద కూర్చుని తిన్నాం. నేను నిమిషానికోసారి ఫోను చూసుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కంచె లోపల ప్యానెళ్ళ మీద ఎండ వాలింది, వాటిని కడిగే ఆడవాళ్ళు పని ముగించుకొని ఇళ్ళకు పోతున్నారు.

అప్పుడు మోగింది. తెలియని నంబరు. రెండుసార్లు తప్పు చోట నొక్కి, చివరికి ఎత్తాను.

“అమ్మా, పలికిందా?” అంది అవతలి గొంతు.

“ఎవరు?”

“నేనమ్మా. నిడుగల్లు నుంచి.”

నేను గభాల్న లేచి నిలబడ్డాను.

“ఇది టీ అంగడి ఆయప్ప ఫోను. నా దాంట్లో కరెన్సీ అయిపాయ. బస్సు దిగినప్పటినుంచి ఆయప్పతో నొక్కిస్తానే ఉండా, పలకనే పలకల్యా.”

“గొర్రెల కాడికి పోలేదా బావా?”

“మీ అక్క చూసుకుంటాందిలే. నేనెట్ల పోయేది? నిండు చూలాలు ఉండాదని నువ్వు చెప్తివి కదా. ఆ పిల్ల కొట్టి తగలకుంటే ఎట్ల? నేను ఏలు పెట్టినందుకే నంబరు నిలిచిపాయేమో అని భయమాయమ్మా. పలికినాక పోదామని ఈడే కూసున్నా.”

ఆ పిల్ల సంగతి నేను చెప్పింది కౌంటర్లో ఆవిడకు. ఆయన మాత్రం తనకు చెప్పినట్టే విన్నారు.

“పలుకుతాంది బావా,” అన్నాను. “బాగా పలుకుతాంది. ఇంక పోండి, పొద్దు పోతాంది.”

“ఉండమ్మా. పెట్టేసి ఇంకొక్కసారి కొడ్తా. ఎత్తు,” అన్నారు.

పెట్టేశారు. నేను ఫోను రెండు చేతుల్లో పట్టుకొని అరుగు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యేసుకుని, ఎవరక్కా అని అడుగుతోంది. మళ్ళీ మోగింది. మొదటి మోతకే ఎత్తాను.